జీడిమెట్ల నుంచి దళం స్టోర్ దాకా: మా బ్యాగుల యూనిట్ ప్రభుత్వ ఆర్డర్ సాధించిన తీరు

పారామిలటరీ దళాలకు సరుకు అమ్మాలంటే ఢిల్లీలో తెలిసినవాళ్లు ఉండాలని మా ఇండస్ట్రియల్ ఏరియాలో చాలామంది నమ్ముతారు. ఆ మాట విని ప్రయత్నమే చేయకుండా ఆగిపోయిన చిన్న యూనిట్లు నాకు తెలిసినవే ఎన్నో ఉన్నాయి. మాకు ఢిల్లీలో ఎవరూ తెలియదు. బ్యాగులు కుట్టే చిన్న యూనిట్ మాది. అయినా ఒక కేంద్ర సాయుధ దళానికి రక్‌సాక్‌లు (వీపున వేసుకునే పెద్ద బ్యాగులు) సరఫరా చేశాం, డబ్బు కూడా అందుకున్నాం. ఎలా జరిగిందో వివరంగా రాస్తే ఇంకో నలుగురికి పనికొస్తుంది.

ఏ దళం, ఎన్ని బ్యాగులు, ఏ ఊరికి పంపాం అన్నది మాత్రం రాయను. ఒప్పందంలో గోప్యత షరతు ఉంది. అది లేకపోయినా, ఏ దళానికి ఏ సామాను ఎంత వెళ్తోందో బయట చెప్పుకోవడం మంచిది కాదు. మా యూనిట్‌లో కుట్టేవాళ్లకు కూడా మొదటి రోజే చెప్పాను: ఈ బ్యాగుల ఫొటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టొద్దు అని. భద్రతా దళాలతో పని చేసేవాళ్లకు ఈ అలవాటు మొదటి నుంచీ ఉండాలి.

మేం చాలాకాలం స్కూల్ బ్యాగులే కుట్టాం. బేగంబజార్ హోల్‌సేల్ వాళ్లకు ఇచ్చేవాళ్లం. స్కూళ్లు తెరిచే ముందు రెండు మూడు నెలలు రాత్రింబవళ్లు పని, జులై దాటితే మిషన్లు ఖాళీ. సరుకు తీసుకున్నవాళ్లు డబ్బు ఎప్పుడిస్తే అప్పుడే. కుట్టే మనుషులను ఏడాది పొడుగునా నిలబెట్టుకోవాలంటే సీజన్‌తో సంబంధం లేని కొనుగోలుదారు కావాలి. అలా చూస్తే ప్రభుత్వమే కనిపించింది.

ప్రభుత్వం అంటే ఒక ఆఫీసు కాదు. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్, సీఐఎస్‌ఎఫ్, ఐటీబీపీ, ఎస్‌ఎస్‌బీ లాంటి దళాలన్నీ హోంశాఖ కింద ఉన్నా, ఏ దళం కొనుగోళ్లు ఆ దళానివే. ఒక్క దళంలోనే రెండు స్థాయిలు ఉంటాయి. దళం మొత్తానికి కావాల్సిన పెద్ద కొనుగోళ్లు ఢిల్లీలోని ప్రధాన కార్యాలయం చూస్తుంది. గ్రూప్ సెంటర్లు, బెటాలియన్లు, శిక్షణ సంస్థలు తమ అవసరాలకు తమ నిధులతో చిన్న మొత్తాల్లో కొంటాయి. హైదరాబాద్ చుట్టూ ఇలాంటివి తక్కువేమీ లేవు. హకీంపేటలో సీఐఎస్‌ఎఫ్ వారి శిక్షణ అకాడమీ నిసా ఉంది, శివరాంపల్లిలో జాతీయ పోలీస్ అకాడమీ ఉంది, సీఆర్‌పీఎఫ్ గ్రూప్ సెంటర్ ఉంది. రాష్ట్ర పోలీసు శాఖల కొనుగోళ్లు వేరు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లకు ఎవరి ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్ వాళ్లకుంది, దానికి క్లాస్ 3 డిజిటల్ సంతకం కావాలి. చిన్న యూనిట్ ఢిల్లీ టెండర్‌తో మొదలుపెట్టకూడదని నా గట్టి అభిప్రాయం. స్థానికంగా ఉన్న సంస్థల చిన్న ఆర్డర్లతో మొదలుపెట్టాలి. ఎందుకో తర్వాత చెప్తాను.

బాలానగర్‌లో కేంద్ర ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా పరిశ్రమల) శాఖ ఆఫీసు ఉంది. కొనుగోలు చేసే సంస్థలను, చిన్న పరిశ్రమలను ఒకచోట కూర్చోబెట్టే వెండర్ డెవలప్‌మెంట్ కార్యక్రమాలు ఆ ఆఫీసు వాళ్లు నడుపుతారు. అలాంటి ఒక సమావేశంలోనే నాకు అసలు విషయం తెలిసింది. సూక్ష్మ, చిన్న తరహా సంస్థల నుంచి కొనుగోళ్ల కోసం 2012లో కేంద్రం ఒక ఉత్తర్వు ఇచ్చింది. దాని ప్రకారం కేంద్ర మంత్రిత్వ శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు తమ వార్షిక కొనుగోళ్లలో కనీసం 25 శాతం మనలాంటి వాళ్ల దగ్గర కొనాలి. మొదట 20 శాతం ఉండేది, 2018లో పెంచారు. అందులోనే 4 శాతం ఎస్సీ, ఎస్టీ యజమానుల నుంచి, 3 శాతం మహిళా యజమానుల నుంచి రావాలి. ఇంకో ముఖ్యమైన సంగతి: 358 వస్తువుల జాబితా ఒకటి ఉంది, వాటిని సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గరే కొనాలి. ఆ జాబితాలో తోలు, కాటన్, కాన్వాస్, జనపనారలాంటి వాటితో చేసిన అన్ని రకాల బ్యాగులూ ఉన్నాయి. కిట్ బ్యాగులు, స్లీపింగ్ బ్యాగులు కూడా. మనం కుట్టే వస్తువుకే చట్టం చోటు పెట్టిందని తెలిశాక ఇక వెనక్కి చూడలేదు.

మొదటి పని ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదు. ఆన్‌లైన్‌లో ఉచితంగా అవుతుంది, ఎవరికీ డబ్బు కట్టక్కర్లేదు. ఇందులో మన పని తయారీ అని నమోదు అయ్యిందా, వ్యాపారం అని నమోదు అయ్యిందా అన్నది చాలా ముఖ్యం. కొని అమ్మేవాళ్లకు కూడా ఉద్యమ్ ఇస్తారు, కానీ టెండర్లలో బయానా డిపాజిట్ (బిడ్‌తో పాటు ముందుగా కట్టే సొమ్ము) మినహాయింపు, కొనుగోలు ప్రాధాన్యం వాళ్లకు వర్తించవు. మా సర్టిఫికెట్‌లో బ్యాగుల తయారీ కోడ్ సరిగ్గా పడిందో లేదో మా సీఏ దగ్గర కూర్చుని చూసుకున్నాను. ఈసీఐఎల్ దగ్గర కమలానగర్‌లో, చిన్న పరిశ్రమలకు సాయపడే కేంద్ర సంస్థ ఎన్‌ఎస్‌ఐసీ ఆఫీసు ఉంది. అక్కడ ప్రభుత్వ కొనుగోళ్ల కోసం చేసే సింగిల్ పాయింట్ రిజిస్ట్రేషన్ చేయించుకున్నాం. యూనిట్‌కు వచ్చి మిషన్లు, సామర్థ్యం చూసి సర్టిఫికెట్ ఇస్తారు. ఉద్యమ్ ఉంటే ఇది తప్పనిసరి కాదు. కానీ ఒక ప్రభుత్వ సంస్థ మన యూనిట్‌ను కళ్లారా చూసి ఇచ్చిన కాగితం మన దగ్గర ఉంటే, టెక్నికల్ కమిటీ ముందు దానికి విలువ ఉంటుంది.

తర్వాత జెమ్, అంటే ప్రభుత్వ కొనుగోళ్ల ఆన్‌లైన్ పోర్టల్. 2016లో మొదలైంది. అక్కడ దొరికే వస్తువులను కేంద్ర శాఖలు అక్కడే కొనాలని 2017 ఆర్థిక నిబంధనలు చెబుతున్నాయి. రిజిస్ట్రేషన్ కష్టమేమీ కాదు: పాన్, జీఎస్‌టీ, బ్యాంకు ఖాతా, ఆదాయపు పన్ను రిటర్నులు, ఉద్యమ్ నంబర్. శ్రమ అంతా ఆ తర్వాతే. మన వస్తువుకు మనమే తయారీదారులమని చూపించుకోవాలి. కొన్ని కేటగిరీల్లో దానికి వెండర్ అసెస్‌మెంట్ ఉంటుంది. కాగితాలు అప్‌లోడ్ చేశాక వీడియో కాల్‌లో యూనిట్ మొత్తం చూపించమంటారు. కటింగ్ టేబుల్, మిషన్లు, ముడి సరుకు పెట్టే చోటు, కొలతలు చూసే పరికరాలు, కరెంటు బిల్లు, జీతాల రిజిస్టర్. మా కుట్టు మాస్టర్ ఫోన్ పట్టుకుని మిషన్ మిషన్‌కూ తిప్పి చూపించాడు. ఇది అయ్యేదాకా టెన్షన్ పడ్డాం. అయ్యాక మాత్రం, ఎవరి ఆథరైజేషన్ లేఖలూ అవసరం లేకుండా సొంత బ్రాండ్ పేరుతో బిడ్ వేయగలిగాం.

బిడ్ డాక్యుమెంట్, అంటే కొనుగోలుదారు పెట్టే టెండర్ షరతుల పత్రం, చదవడం గురించి కొంచెం ఎక్కువ రాస్తాను. గెలుపోటములు సగం అక్కడే తేలిపోతాయని నాకు అనిపిస్తుంది. ధర గురించి అందరూ మాట్లాడతారు, డాక్యుమెంట్ గురించి ఎవరూ మాట్లాడరు.

జెమ్ బిడ్ మొదటి పేజీల్లో ఒక పట్టిక ఉంటుంది. ఎన్నేళ్ల అనుభవం కావాలి, ఏటా ఎంత టర్నోవర్ ఉండాలి, గతంలో ఇలాంటి సరుకు ఎంత శాతం సరఫరా చేసి ఉండాలి అని ఉంటాయి. దాని కిందే ఎంఎస్‌ఈలకు (సూక్ష్మ, చిన్న సంస్థలకు) అనుభవం, టర్నోవర్‌లలో మినహాయింపు ఉందా లేదా అనే గడి ఉంటుంది. అక్కడ ‘లేదు’ అని ఉంటే, మన టర్నోవర్ సరిపోకపోతే, ఎంత మంచి బ్యాగు కుట్టినా ఆ బిడ్ మనది కాదు. మొదట్లో మాకు నచ్చిన బిడ్లు చాలావరకు ఈ గడి దగ్గరే ఆగిపోయేవి. బయానా మినహాయింపు ఉన్నంత మాత్రాన అర్హత మినహాయింపు ఉన్నట్టు కాదు. ఈ రెండింటినీ కలిపి చూసేవాళ్లు చాలామంది. గతంలో సరఫరా చేసిన రుజువు అడిగే గడి కూడా చిన్నవాళ్లకు పెద్ద అడ్డంకి. అందుకే స్థానిక చిన్న ఆర్డర్లతో మొదలుపెట్టాలని ముందే చెప్పాను. ఒక శిక్షణ సంస్థకు కొన్ని కిట్ బ్యాగులు ఇచ్చాం. లాభం పెద్దగా లేదు. కానీ ఆర్డర్ కాపీ, సరుకు అందిందన్న సర్టిఫికెట్, డబ్బు వచ్చిన రుజువు మూడూ కలిసి మాకు ఒక చరిత్ర ఇచ్చాయి. తర్వాతి బిడ్లలో అదే మా బలం.

పట్టిక తర్వాత కొనుగోలుదారు సొంతంగా జోడించే అదనపు షరతుల ఫైల్ ఉంటుంది. అసలు విషయం అందులోనే దాగి ఉంటుంది. శాంపిల్ ఎక్కడ, ఏ తేదీలోగా ఇవ్వాలి, ల్యాబ్ పరీక్ష ఖర్చు ఎవరిది, స్టాంపు పేపర్ మీద ఏ అఫిడవిట్ కావాలి, సరుకు ఎన్ని చోట్లకు పంపాలి. జెమ్‌లో మనం చెప్పే ధరలో జీఎస్‌టీ, రవాణా అన్నీ కలిసే ఉండాలి. సరుకు మన ఊళ్లో దించడానికీ, జమ్మూలోనో గువాహటిలోనో దించడానికీ తేడా ఎంతో లెక్క వేయకుండా ధర వేస్తే, గెలిచిన తర్వాత ఏడవాల్సి వస్తుంది.

ఇక స్పెసిఫికేషన్. మేం గెలిచిన బిడ్ రక్‌సాక్‌లది. నైలాన్ గుడ్డ, లోపల నీళ్లు దిగకుండా పీయూ కోటింగ్, ఇంత డినియర్ (దారం మందం), ఇంత జీఎస్‌ఎం (చదరపు మీటరు గుడ్డ బరువు), చిరగకుండా ఇంత బలం తట్టుకోవాలి, నీటి ఒత్తిడి ఇంత తట్టుకోవాలి, రంగు ఉతికినా చెమట పట్టినా ఇంతకు మించి పోకూడదు. పట్టీల వెడల్పు, బకిల్ రకం, అంగుళానికి ఎన్ని కుట్లు, బరువు పడే చోట్ల బార్‌టాక్ (దగ్గరదగ్గరగా వేసే గట్టి కుట్టు) ఎక్కడెక్కడ పడాలి, అన్నీ రాసి ఉంటాయి. స్కూల్ బ్యాగుకు, దీనికి పోలికే లేదు. జవాను ఈ బ్యాగు వీపున వేసుకుని వానలో, అడవిలో, కొండ మీద నడుస్తాడు. భుజం పట్టీ మధ్యలో ఊడితే ఏమవుతుందో ఆలోచిస్తే ఆ కాగితంలోని ప్రతి అంకెకూ ఒక కారణం కనిపిస్తుంది. మా మాస్టర్‌కు ఆ స్పెసిఫికేషన్ తెలుగులో చదివి వినిపించాను. అంతా విని ఆయన అన్న మాట: “మేడమ్, ఇది కుట్టొచ్చు. కానీ ఈ దారం మన దగ్గర లేదు, ఈ బార్‌టాక్ మన పాత మిషన్ మీద రాదు. ముందు ఆ రెండూ చూడండి, తర్వాత ధర వేయండి.” బిడ్ వేయడానికి ముందే కుట్టేవాళ్లను అడగడం ఎంత అవసరమో ఆ రోజు స్పష్టంగా తెలిసింది. ధర లెక్కలో కొత్త బార్‌టాక్ మిషన్ ఖర్చు కూడా చేర్చాం.

గుడ్డ సూరత్ నుంచి తెప్పించాం. మిల్లు ఇచ్చిన టెస్ట్ రిపోర్టును నమ్ముకోకుండా, అదే గుడ్డ ముక్కను ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్‌కు పంపి మా పేరు మీద రిపోర్టు తెచ్చుకున్నాం. బిడ్‌లో అడిగింది కూడా అదే. బకిళ్ల విషయంలో ఇంకో చిక్కు ఉంది. మేక్ ఇన్ ఇండియా ఉత్తర్వు ప్రకారం వస్తువు విలువలో 50 శాతం లేదా అంతకంటే ఎక్కువ దేశీయంగా చేరి ఉంటే మనం క్లాస్ 1 స్థానిక సరఫరాదారులం. 20 నుంచి 50 శాతం లోపు ఉంటే క్లాస్ 2. బజారులో చౌకగా దొరికే బకిళ్లు, జిప్పులు చాలావరకు దిగుమతి సరుకే. మన ఊరి షాపులో కొన్నంత మాత్రాన అవి స్వదేశీ అయిపోవు. మేం బకిళ్లు, జిప్పులు దేశంలో తయారుచేసేవాళ్ల దగ్గరే కొన్నాం, వాళ్ల బిల్లులు, లేఖలు ఫైల్‌లో పెట్టుకున్నాం. కొంచెం ఖరీదే. కానీ స్థానిక విలువ గురించి మనం సంతకం పెట్టి ఇచ్చే ప్రకటన రేపు ఎవరైనా తనిఖీ చేస్తే నిలబడాలి కదా.

టెక్నికల్ దశలో అధికారుల బోర్డు కూర్చుని కాగితాలు, శాంపిల్ చూస్తుంది. ఒక కాగితం మీద వాళ్లు వివరణ అడిగారు. పోర్టల్‌లోనే అడుగుతారు, గడువు చాలా తక్కువ ఇస్తారు. అందుకే బిడ్ వేశాక రోజూ పొద్దున, సాయంత్రం లాగిన్ అయి చూడటం మా ఆయన పని. మెయిల్ వస్తుందిలే అని కూర్చుంటే కుదరదు. అన్ని కాగితాలూ స్కాన్ చేసి, పేర్లు పెట్టి ఒకే ఫోల్డర్‌లో ఉంచాం కాబట్టి అదే రోజు జవాబు ఇవ్వగలిగాం.

ధరలు తెరిచినప్పుడు మేం తక్కువ ధరలో మొదటివాళ్లం కాదు. మా కన్నా తక్కువ వేసింది ఒక పెద్ద సంస్థ, సూక్ష్మ, చిన్న తరహా కిందకు రాదు. ఇక్కడే 2012 ఉత్తర్వు పనిచేసింది. అతి తక్కువ ధర వేసినవాళ్లు చిన్న సంస్థ కాకపోతే, వాళ్ల ధరకు 15 శాతం లోపు ఎక్కువ వేసిన చిన్న సంస్థకు, అదే తక్కువ ధరకు దిగి ఒప్పుకుంటే, ఆర్డర్‌లో కనీసం 25 శాతం ఇవ్వాలి. ఆ బిడ్‌లో రక్‌సాక్‌లను కొనుగోలుదారు పూర్తి రిజర్వేషన్ కింద పెట్టలేదు, ప్రాధాన్యం మాత్రం ఉంది. ఆ ధరకు మీరు సిద్ధమా అని పోర్టల్‌లో అడిగారు. ఒప్పుకోవాలా వద్దా అన్నది మేం అప్పటికప్పుడు ఆలోచించుకోలేదు. ఎంతవరకు దిగితే నష్టం రాదో, బిడ్ వేసే ముందే కాగితం మీద రాసి పెట్టుకున్నాం. వాళ్ల ధర ఆ గీతకు పైనే ఉంది. ఒప్పుకున్నాం. పావు వంతు ఆర్డర్ వచ్చింది.

ఆ పావు వంతే మా అదృష్టం అనుకుంటాను. మొత్తం వచ్చి ఉంటే గుడ్డ కొనడానికే డబ్బు చాలేది కాదు. అతి తక్కువ ధర వేసినవాళ్లు కూడా చిన్న సంస్థే అయితే ఈ 15 శాతం సూత్రం వర్తించదు. కాబట్టి దాన్నే నమ్ముకుని ధర పెంచి వేయడం సరికాదు. రివర్స్ ఆక్షన్ (ఒకరిని చూసి ఒకరు ధర తగ్గించుకుంటూ పోయే వేలం) ఉన్న బిడ్లలో ఇంకా జాగ్రత్త కావాలి. తెర మీద ధరలు పడిపోతుంటే చెయ్యి ఆగదు. ముందే గీసుకున్న గీత ఒక్కటే అక్కడ మనల్ని కాపాడుతుంది.

ఆర్డర్ వచ్చాక మొదటి ఖర్చు పెర్ఫార్మెన్స్ గ్యారెంటీ, అంటే ఒప్పందం సరిగ్గా నెరవేరుస్తామని ఇచ్చే హామీ సొమ్ము. బయానా నుంచి మినహాయింపు ఉంది కానీ దీని నుంచి లేదు. మా బిడ్‌లో అది ఆర్డర్ విలువలో 3 శాతం. బ్యాంకు గ్యారెంటీ ఇవ్వడానికి బ్యాంకు మా దగ్గర అంత మొత్తానికీ ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసుకుంది. వారంటీ కాలం, దాని మీద ఇంకో రెండు నెలలు ఆ డబ్బు కదలదు. ఆర్డర్ చూపిస్తే బ్యాంకు అప్పు ఇస్తుందని అనుకునేవాళ్లకు ఒక మాట: ఇస్తుంది, కానీ నెమ్మదిగా ఇస్తుంది. తాకట్టు లేకుండా ఇచ్చే సీజీటీఎంఎస్‌ఈ గ్యారెంటీ పథకం కింద వర్కింగ్ కేపిటల్ లిమిట్‌ను బిడ్ వేయడానికి చాలా ముందే మంజూరు చేయించుకోవాలి. మాకు అలా ఉండబట్టే గుడ్డ మిల్లుకు సమయానికి డబ్బు కట్టగలిగాం.

ముందుగా అడ్వాన్స్ శాంపిల్ పంపాం. అది ఆమోదించి, సీలు వేసి ఒకటి వాళ్ల దగ్గర పెట్టుకున్నారు, ఒకటి మాకు ఇచ్చారు. ఆ తర్వాత కుట్టే ప్రతి బ్యాగూ దానిలాగే ఉండాలి. సగం పని అయ్యాక చిక్కు వచ్చింది. మిల్లు నుంచి రెండో విడత వచ్చిన గుడ్డ రంగు కొంచెం తేడాగా ఉంది. కట్టలు విప్పి మొదటి విడత పక్కన ఎండలో పెట్టి చూస్తే తెలిసింది. ఆ తేడా కంటికి కనిపించీ కనిపించనట్టు ఉంది. మిల్లువాళ్లు ఇంత తేడా మామూలేనని వాదించారు. సీలు వేసిన శాంపిల్‌తో పోల్చి చూసే అధికారికి అది మామూలు కాదు. ఆ గుడ్డను కత్తిరించకుండా తిప్పి పంపి, మళ్లీ తెప్పించాం. రంగు తేడా ఉన్న గుడ్డ తిరిగి తీసుకుంటామని మిల్లు ఆర్డర్‌లోనే రాయించుకోవడం వల్ల అది సాధ్యమైంది. దానికి పట్టిన కాలం మా గడువులోంచే పోయింది. ఆలస్యం అయితే వారానికి అర శాతం చొప్పున, గరిష్ఠంగా 10 శాతం దాకా కోత పడుతుంది. మా కుట్టేవాళ్లు ఆదివారాలు కూడా వచ్చి ఆ లోటు పూడ్చారు. వాళ్లకు ఓవర్‌టైమ్ ఇచ్చాం, లాభంలో కొంత అక్కడ పోయింది. అయినా గడువు తప్పలేదు.

తనిఖీకి వచ్చిన అధికారి చాలా పద్ధతి మనిషి. మేం ముందు వరసలో సర్ది పెట్టినవి ముట్టుకోలేదు. వెనక కట్టలు విప్పించి తనకు నచ్చిన చోట నుంచి బ్యాగులు తీయించారు. ఒక బ్యాగు భుజం పట్టీకి బరువు కట్టి వేలాడదీయించారు, లోపలి కుట్లు తిరగేసి చూశారు. కొన్నింటిని సీలు వేసి ల్యాబ్‌కు పంపారు. వెళ్లేటప్పుడు హిందీలో ఒక మాట అన్నారు, ఈ బ్యాగు వేసుకునేది నా పిల్లలే అనుకుని చూస్తాను, తప్పుగా అనుకోకండి అని. తప్పుగా అనుకోవడం ఏముంది, మేం కూడా అలాగే కుట్టాం సార్ అన్నాడు మా మాస్టర్.

సరుకు చేరాక అసలు పరీక్ష మొదలైంది. నిబంధన ప్రకారం సరుకు అందినవారు 10 రోజుల్లో పరిశీలించి అంగీకార సర్టిఫికెట్ ఇవ్వాలి. అది వచ్చిన 10 రోజుల్లో డబ్బు రావాలి. మా సరుకు చేరే సమయానికి ఆ విభాగంలో చాలామందిని ఎన్నికల డ్యూటీకి పంపారు. సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాల్సిన అధికారి ఊళ్లో లేరు. ఎవరి తప్పూ అనలేం. కానీ ఇక్కడ మిల్లు బాకీ, జీతాలు, బ్యాంకు వడ్డీ ఆగవు కదా.

ఇలాంటప్పుడు కోపం తెచ్చుకుంటే పని జరగదు, మౌనంగా కూర్చున్నా జరగదు. 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ చట్టం మనకు అండగా ఉంది. సరుకు అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, అందిన రోజునే అంగీకరించినట్టు లెక్క. ఒప్పందంలో ఏ గడువు రాసుకున్నా 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీతో కట్టాలి. ఎంఎస్‌ఎంఈ శాఖ పోర్టల్‌లో ఫిర్యాదు చేస్తే అది ఇలాంటి బాకీల వివాదాలు చూసే రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్తుంది. మేం ఫిర్యాదు దాకా వెళ్లలేదు. స్టోర్ చూసే క్వార్టర్ మాస్టర్‌కు, అకౌంట్స్ విభాగానికి మర్యాదగా ఒక ఉత్తరం రాశాం. సరుకు అందిన తేదీ, లారీ రసీదు, ల్యాబ్ రిపోర్టు నంబర్, చట్టంలోని సెక్షన్ 15 ప్రస్తావన, అంతే. బెదిరింపు మాట ఒక్కటీ లేదు. కాగితం మీద తేదీలు పడితే ఆఫీసులో ఎవరో ఒకరు బాధ్యత తీసుకోక తప్పదు. తాత్కాలికంగా ఆ సీటు చూస్తున్న అధికారి సర్టిఫికెట్ ఇచ్చారు, డబ్బు నేరుగా ఖాతాలో పడింది.

పడిన మొత్తం బిల్లు కన్నా తక్కువ కనిపిస్తే కంగారు పడొద్దు. రెండున్నర లక్షలు దాటిన ఒప్పందాలకు ప్రభుత్వ కొనుగోలుదారులు పన్ను కాకుండా సరుకు విలువ మీద 2 శాతం జీఎస్‌టీ టీడీఎస్ పట్టుకుంటారు. అది పోయిన డబ్బు కాదు. జీఎస్‌టీ పోర్టల్‌లో మనం ఆమోదిస్తే మన క్యాష్ లెడ్జర్‌లో చేరుతుంది, వచ్చే నెల పన్నుకు వాడుకోవచ్చు. కాకపోతే ధర వేసేటప్పుడే ఆ డబ్బు కొంతకాలం చేతిలో ఉండదని లెక్కలో రాసుకోవాలి.

బాలానగర్‌లో సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే లోహపు పని మిషన్ల) షాపు నడిపే ఒక మిత్రుడు ఇదే కాలంలో రక్షణ రంగ ప్రభుత్వ సంస్థకు విడిభాగాలు చేయడం మొదలుపెట్టాడు. ఆయన దారి పూర్తిగా వేరు. ముడి లోహం సంస్థే ఇస్తుంది, ప్రతి ముక్కకూ లెక్క చెప్పాలి, మొదటి భాగాన్ని కొలిచి ఆమోదించే దాకా రెండోది మిషన్ మీద పెట్టకూడదు. కానీ ఆయనకు ఒక సౌకర్యం ఉంది. ప్రభుత్వ రంగ సంస్థలు ట్రెడ్స్ వేదిక మీద ఉంటాయి. బిల్లు అక్కడ ఆమోదం పొందితే బ్యాంకులు పోటీపడి వడ్డీ తగ్గించుకుని వెంటనే డబ్బు ఇస్తాయి. దళానికి నేరుగా అమ్మిన మాకు ఆ సాయం అందలేదు. నా కోరిక అదే. దళాల బిల్లులు కూడా ట్రెడ్స్ మీదికి వస్తే, జీడిమెట్ల, చర్లపల్లి, విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల ఉన్న ఎన్నో చిన్న యూనిట్లు ధైర్యంగా ముందుకు వస్తాయి. వాటి దగ్గర నైపుణ్యం ఉంది, రెండు నెలలు ఆగగలిగే డబ్బే లేదు.

వారంటీ కాలంలో కొన్ని జిప్పులు మార్చమని కబురు వచ్చింది. మాస్టర్‌ను జిప్పులు, చిన్న మిషన్‌తో సహా అక్కడికే పంపి మార్పించాం. ఆ పని అయినట్టు రాతపూర్వకంగా తీసుకున్నాం. ఆ తర్వాత బ్యాంకు గ్యారెంటీ తనంతట తాను విడుదల కాదని గుర్తుపెట్టుకుని, గడువు ముగిసిన వారంలోనే అసలు పత్రం తిరిగి ఇవ్వమని కొనుగోలుదారుకు ఉత్తరం రాశాం. అది వచ్చాక బ్యాంకులో డిపాజిట్ విడిపించి, అదే డబ్బును ఇప్పుడు ఇంకో దళం కిట్ బ్యాగుల ఆర్డర్‌కు గ్యారెంటీగా కట్టాం. ఈసారి గుడ్డ మొత్తం ఒకే విడతలో రంగు వేయించాలని మిల్లు ఆర్డర్‌లో రాశాం, కటింగ్ వచ్చే వారం మొదలవుతుంది.